పులికి మంగళవారం సెలవు

చలికాలం రాగానే మన నగరవాసికి అడవి మీద ప్రేమ పొంగుకొస్తుంది. ఆ ప్రేమకు ముందస్తు బుకింగు, గుర్తింపు కార్డు, జిప్సీలో ఒక సీటు ఉంటాయి. క్రిస్మస్ సెలవుల్లో హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ మీదుగా చంద్రపూర్ వైపు పోయే కార్లను ఆపి అడగండి. ‘తడోబాకండీ, పులిని చూడ్డానికి’ అంటారు. అడవిని చూడ్డానికి అన్నవాడెవడైనా తగిలితే నాకు కబురు చెయ్యండి, శాలువా కప్పుదాం.

తడోబా జాతీయ పార్కు పుట్టింది 1955లో. మహారాష్ట్రలో దానికంటే పాతది లేదు. ఆ పేరు గోండుల దేవుడు తారు వల్ల వచ్చింది. పులితో కలబడి ప్రాణం వదిలిన తారుకు చెరువు గట్టున చెట్టు కింద గుడి ఉంది, పుష్యమాసంలో జాతర ఉంది. ఆ రోజుల్లో పులితో వట్టి చేతులతో తలపడినవాడు దేవుడయ్యాడు. ఈ రోజుల్లో 400 మిల్లీమీటర్ల లెన్సు చాటు నుంచి తలపడినవాడు ఇన్‌స్టాగ్రామ్‌లో దేవుడవుతున్నాడు. కాలానికి తగ్గ దేవుళ్లు!

మనిషి అలికిడి పులికి పడదు కాబట్టి అడవి లోపలి నవేగావ్, జామ్ని లాంటి ఊళ్లను బయటికి తరలించారు. సబబే అనుకుందాం. ఊరు పోయింది, నవేగావ్ పేరు మాత్రం గేటుకు మిగిలింది. ఆ గేటులోంచి ఇప్పుడు పొద్దునా మధ్యాహ్నమూ జిప్సీలు పోతాయి. పశువుల వెంట నడిచిన మనిషిది అలికిడి, టికెట్టు కొని బండెక్కిన మనిషిది పర్యాటకం. పార్కుకు మంగళవారం సెలవు. తక్కిన ఆరు రోజులూ పులి డ్యూటీలో ఉండాలి.

ఇక తెల్లవారుజాము సంబరం చూడండి. పైకప్పులేని జిప్సీలో డిసెంబరు గాలి చెవులు కోస్తుంటే, హోటలువాళ్లిచ్చిన కంబళ్లు చుట్టుకుని, మంకీ క్యాపుల్లోంచి కళ్లు మాత్రం బయటపెట్టిన ఆరుగురు భక్తులు. ముందు గైడు. పక్క ఊరి మనిషి, ఆకు కదిలిన తీరు చూసి ఏ జంతువో చెప్పగలవాడు. పాపం, అతనికి తెలిసినవన్నీ చూపించాలని ఉబలాటం.

“సాబ్, అదిగో!”

“పులా?”

“కాదు సాబ్, తపసి చెట్టు. బెరడు ఎంత తెల్లగా ఉందో చూడండి.”

“పోనీ భయ్యా, పోనీ.”

కొంతదూరం పోయాక రేచుకుక్కల గుంపు దారి దాటింది. వీటిని చూడ్డానికి సముద్రాలు దాటి వచ్చేవాళ్లున్నారు. వెనక సీటులోంచి తీర్పు వెలువడింది: “కుక్కలకోసం ఇంతదూరం రావాలా? మా వీధి నిండా అవే.” అడవిదున్న బర్రె జాబితాలో కలిసిపోయింది. పాముల గద్ద కేవలం గద్దయింది. చెరువులో మొసలి కదల్లేదు కనుక లెక్కలోకే రాలేదు.

ఇంతలో కొండముచ్చు ఖక్కుమంది. ఆ వెంటనే వెదురు పొదల్లోంచి కణితి కేక. గైడు చెయ్యెత్తి ఇంజిను ఆపించాడు. పులి కదులుతోందని అడవి తన భాషలో అడవికి చెప్పుకునే ఘడియ అది. వినడానికి నోరు మూసుకోవడం ఒక్కటే టికెట్టు. సరిగ్గా అప్పుడే చిప్స్ ప్యాకెట్టు చిరిగింది. క్షణాల్లో నాలుగు దిక్కుల నుంచీ జిప్సీలు దుమ్ము రేపుకుంటూ వచ్చి వాలాయి. తిరుమల క్యూలో కూడా ఇంత తోపులాట ఉండదు, అక్కడ గోవిందనామాలైనా వినిపిస్తాయి. పులి తోక కొస కనిపించినవాడికి మోక్షం. కనిపించనివాడు గైడుకు టిప్పు ఎగ్గొట్టి ‘డబ్బులు దండగ’ అంటాడు.

ఈ భక్తి ముదిరితే ఏమవుతుందో 2024 డిసెంబరు 31న నాగపూర్ దగ్గరి ఉమ్రేడ్ పౌని కర్హాండ్లా అభయారణ్యంలో చూశాం. తల్లి పులినీ ఐదు పిల్లల్నీ జిప్సీలు రెండు వైపులా అడ్డగించాయి. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి తనంతట తానే కేసు చేపట్టింది. డ్రైవర్లూ గైడ్లూ సస్పెండయ్యారు. ‘ఇంకాస్త ముందుకు పోనీ భయ్యా, నేను చూసుకుంటా’ అనే నోటికి మాత్రం ఏ అడవిలోనూ సస్పెన్షన్ లేదు.

అసలు తమాషా ఏమిటంటే, మనం అంత ఖర్చుపెట్టుకుని చూడబోయే పులి అక్కడ జాగా చాలక తనే మన ఇంటికి నడిచొస్తోంది. తడోబా నుంచి బయల్దేరిన పులులు మన కాగజ్‌నగర్ అడవుల దాకా వస్తున్నాయి. టికెట్టు లేదు, గైడు లేడు, మంగళవారం సెలవూ లేదు. స్వాగతం ఎలా ఉంది? 2024 జనవరిలో అక్కడి దరిగాం అడవిలో రెండు పులులు శవాలై దొరికాయి. పశువు కళేబరానికి విషం పూసిన కేసులో మనుషులు అరెస్టయ్యారు. అదే ఏడు నవంబరు చివర, కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న యువతి పులి దాడిలో ప్రాణం పోగొట్టుకుంది. విషం పెట్టినవాడిని తిట్టడం సులువు. తెల్లారితే మళ్లీ ఆ చేలోకే దిగాల్సిన మనిషికి ‘పులి జాతి సంపద’ అని పాఠం చెప్పడం ఇంకా సులువు. చలికాలం పులి మనకు ప్యాకేజీ, పత్తి ఏరే మనిషికి కూలిదినం.

ఆ దాడి తర్వాత అటవీ సిబ్బంది పత్తి ఏరేవాళ్లకు ముఖం బొమ్మ మాస్కులు పంచారు. పులి వెనక నుంచి దూకుతుంది కాబట్టి తల వెనక తగిలించుకోవాలట. నాదొక మనవి. ఆ మాస్కులు మిగిలితే సఫారీ గేటు దగ్గర కూడా పంచండి. ముందున్న రెండు కళ్లూ పులిని వెతుక్కుంటాయి ఎటూ. వెనక ఉన్న ముఖానికైనా దారి పొడుగునా అడవి కనిపిస్తుందేమో, ఆ అడవి అంచున పత్తి ఏరుకునే మనుషులు కనిపిస్తారేమో చూద్దాం.