నా ఒళ్లో కూర్చున్న ఏథెన్స్

పసిపిల్లల్ని దొడ్డికి కూర్చోబెట్టే మట్టిపీటను నేను. పుట్టింది ఏథెన్స్‌లో, క్రీ.పూ. 580 ప్రాంతంలో. ఇప్పుడుంటున్నదీ ఆ ఊళ్లోనే, పాత సంతపేట అయిన అగోరాలోని మ్యూజియంలో. నా ఇరుగుపొరుగంతా పెద్ద పేరున్నవాళ్లు. న్యాయస్థానంలో వాదనకు గడువు కొలిచిన నీటి గడియారం ఉంది. నాయకుల్ని ఊరు దాటించిన పెంకులున్నాయి. క్రీ.పూ. 425లో పైలోస్ దగ్గర ఏథెన్స్ సేన స్పార్టా వాళ్ల నుంచి గెలుచుకున్న కంచు డాలు ఉంది. అయినా బడిపిల్లలు బిలబిలమంటూ వస్తే ముందు నా దగ్గరే ఆగుతారు. నేనెందుకో తెలియగానే ఒకరినొకరు గిల్లుకుని పకపకా నవ్వుతారు. ఆ నవ్వంటే నాకు ఎంతో ఇష్టం. చరిత్ర పాఠం అక్కణ్ణించే మొదలుపెట్టాలని నా నమ్మకం.

నా రూపం చెప్తాను. కింద ఎత్తయిన గుండ్రటి దిమ్మ, దాని మీద లోతైన గిన్నె, బిడ్డ కాళ్లు బయటికి చాపుకోవడానికి గిన్నెకు ముందువైపు సందు. ఎర్రటి ఒంటి మీద నల్లటి బొమ్మలు. మీ ఇళ్లలో అమ్మమ్మ కాళ్లు చాపి, పాదాల మీద పసివాణ్ణి కూర్చోబెట్టుకుంటుందే, ఆ పనే నాదీ.

ఏథెన్స్ కుమ్మరుల పేట పేరు కెరమైకోస్. ఆ చుట్టుపక్కల మట్టిలో ఇనుము ఎక్కువ, అందుకే కాలిస్తే ఎర్రబడుతుంది. నా మీది నలుపు విడిగా తెచ్చి పూసిన రంగు కాదు. అదే మట్టిని నీళ్లలో కలిపి, తేర్చి, మెత్తటి పూతగా చేసి బొమ్మలు గీశారు. కాల్చేటప్పుడు ముందు ఆవంలోకి గాలి వదిలారు, కుండంతా ఎర్రబడింది. తర్వాత గాలి కంతలు మూసి పచ్చికట్టెలు వేశారు, పొగకు అంతా నల్లబడింది. చివర మళ్లీ గాలి వదిలితే ఒళ్లు ఎర్రగా తిరిగొచ్చింది కానీ, పూత వేసిన చోట గాజులా బిగుసుకుపోయి గాలి చొరలేదు, నలుపు నలుపుగానే నిలిచింది. రసాయనశాస్త్రం పేరైనా వినని కుమ్మరి ఇదంతా కంటిచూపుతోనే పసిగట్టి చేశాడు. ఏ గ్రీకు కుండ చూపించినా పిల్లలకు ముందు ఈ సంగతి చెప్పాలి. ఆలయాలు కట్టిన జాతి అని విని ఊరుకునే పిల్లవాడు, ఆవం కంత మూసిన మనిషి గురించి చెప్తే చెవులు రిక్కిస్తాడు.

నేను పుట్టడానికి కొన్నేళ్ల ముందు, క్రీ.పూ. 594లో, సోలోన్ ఏథెన్స్‌కు చట్టాలు చేశాడు. కొడుక్కి ఏ చేతిపనీ నేర్పని తండ్రికి ముసలితనంలో ఆ కొడుకు తిండి పెట్టనక్కర్లేదన్నది వాటిలో ఒకటని తర్వాతి కాలపు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఈ చట్టం చెప్పి, తండ్రి పక్షాన ఒకరిని, కొడుకు పక్షాన ఒకరిని నిలబెట్టి వాదించమంటే, పిల్లలకు సోలోన్ పేరు జన్మలో మరుపు రాదు.

నా కాలపు బిడ్డల బతుకు ఎలా ఉండేదంటారా? మగబిడ్డ పుడితే వాకిట్లో ఆలివ్ కొమ్మల దండ, ఆడబిడ్డ పుడితే ఉన్ని వేలాడదీసేవారు. కొన్నాళ్లకు బిడ్డను ఎత్తుకుని పొయ్యి చుట్టూ తిప్పి ఇంట్లో కలుపుకునేవారు. కలుపుకోవాలో వద్దో తండ్రి ఇష్టం. వద్దనుకున్న పసిగుడ్డును బయట వదిలేయడమూ ఉండేది. పిల్లలకు ఇది చెప్పకూడదంటారు కొందరు. వయసు చూసి, మెల్లగా, చెప్పే తీరాలంటాను నేను. దాచిపెట్టిన చరిత్రను పెద్దయ్యాక వాళ్లే తెలుసుకుంటారు, అప్పుడు మన మాట నమ్మరు.

బతికిన బిడ్డలకు మట్టి గిలక్కాయలు, పాలు పట్టే ముక్కు గిన్నెలు, చక్రాల బొమ్మలు, గొర్రె మడమ ఎముకలతో గవ్వలాట. మూడో ఏడు వచ్చాక, వసంతంలో వచ్చే ఆంథెస్టీరియా పండుగనాడు తలకు పూలదండ చుట్టేవారు. ఆ పండుగకు చిట్టి కూజాలుండేవి. వాటి మీద పాకే పిల్లలు, బండి లాగే పిల్లలు బొమ్మలై కనిపిస్తారు. పసితనంలోనే పోయిన పిల్లల సమాధుల్లోనూ ఆ కూజాలు దొరికాయి.

ఆ పైన దారులు చీలిపోతాయి. తర్వాతి శతాబ్దానికి, కలిగిన ఇంటి మగపిల్లవాడు ఏడో ఏట బడికి వెళ్లేవాడు. మైనపు పలకల మీద రాత, హోమర్ పద్యాలు నోటికి, వీణ వంటి లైర్ వాద్యం, కుస్తీ. బడికి తీసుకెళ్లి తీసుకొచ్చేది ఇంటి బానిస. అక్కచెల్లెళ్లు మాత్రం ఇంట్లోనే ఉన్ని వడుకుతూ, మగ్గం నేస్తూ పెరిగి, పద్నాలుగు పదిహేనేళ్లకు తమకు రెట్టింపు వయసున్న మగవాడికి భార్యలయ్యేవారు. నా ఒళ్లో కూర్చున్నంతకాలం ఆడా మగా తేడా ఉండేది కాదు. తేడా అంతా లేచి వెళ్లాక వచ్చింది.

మరి నన్ను కడిగిందెవరు? నా ముందు నిలబడ్డ పిల్లల్లో ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు ప్రాణం. కాస్త కలిగిన ఇంట్లో ఆ పని బానిస స్త్రీది. ఎక్కడో థ్రేస్ నుంచో, నల్లసముద్రపు ఒడ్డు నుంచో అమ్ముడైపోయి వచ్చినవాళ్లెందరో. ప్రజాస్వామ్యం పుట్టిన ఊరు అని పాఠం చెప్పేటప్పుడు ఆ చేతులను వదిలేస్తే పాఠం అబద్ధమవుతుంది.

ప్రతి ఇంట్లోనూ నాలాంటి పీట ఉండేదనుకోకండి. హాస్యనాటకాలు రాసిన అరిస్టోఫనీస్ క్రీ.పూ. 423లో ఆడించిన ‘మేఘాలు’ నాటకంలో, కొడుకు చేతిలో దెబ్బలు తిన్న తండ్రి పాత రోజులు గుర్తుచేస్తాడు. నీకు మాటలు సరిగా రానప్పుడు నువ్వు ముద్దుముద్దుగా చెప్పీ చెప్పకముందే ఎత్తుకుని గుమ్మం బయటికి పరుగెత్తానే అని వాపోతాడు. పిల్లల్ని పెంచే కష్టం ఏ దేశంలోనైనా ఇంతే.

అగోరాలో అమెరికన్ స్కూల్ ఆఫ్ క్లాసికల్ స్టడీస్ 1931లో తవ్వకాలు మొదలుపెట్టింది. నేను బయటపడ్డాక నన్ను గుర్తుపట్టడానికి కుండల మీది బొమ్మలు సాయపడ్డాయి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని ఒక చిన్న కూజా మీద, సరిగ్గా ఇలాంటి పీటలో కాళ్లు బయటికి పెట్టి, గిలక్కాయ పట్టుకుని కూర్చున్న బిడ్డ ఉంది. ఈ కాలపు పసివాణ్ణి ఇలాంటి పీటలో కూర్చోబెట్టి ఫొటో కూడా తీశారు. వస్తువు, బొమ్మ, బతికున్న బిడ్డ మూడూ ఒకే మాట చెప్పాయి. చరిత్రకారుడు ఎలా ఆలోచిస్తాడో పదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

నాయకుల్ని ఊరు దాటించిన ఆ పెంకుల సంగతీ అలాంటిదే. ఎవరిని పదేళ్లు వెళ్లగొట్టాలో వాళ్ల పేరు పెంకు మీద గీకి ఓటు వేసేవారు. అక్రోపోలిస్ కొండ ఉత్తరపు వాలులో ఒక బావిలో థెమిస్టోక్లీస్ అనే నాయకుడి పేరున్న పెంకులు దాదాపు 190 దొరికాయి. రాతను పోల్చి చూస్తే అవన్నీ 14 మంది చేతిరాతలే. ఎవరో ముందే గీకించి, పంచడానికి సిద్ధం చేశారన్నమాట. ఈ కథ సగం వరకు చెప్పి ఆపండి, మిగతాది పిల్లలే పట్టుకుంటారు.

మాస్టార్లకూ టీచరమ్మలకూ నా మనవి ఇదొక్కటే. గ్రీసు పాఠానికి వచ్చినప్పుడు యుద్ధాల తేదీలు కాసేపు పక్కన పెట్టండి. పగిలిన కుండ పెంకులూ మేకులూ పంచి, తరగతిలో ఓటు పెట్టించండి. అయితే ముందే ఆడపిల్లలందర్నీ, మగపిల్లల్లో కొందర్నీ ఓటు లేదని పక్కకు కూర్చోబెట్టండి. వాళ్లు ఎందుకని నిలదీస్తారు, అప్పుడు ఏథెన్స్ గురించి చెప్పండి.