‘మనకెందుకులెండి గానీ’కి టీకా తాత్పర్యం

మూలం

మనకెందుకులెండి గానీ వదినగారూ, విన్నారా?
పాపం, మూడో ఫ్లోరాయన రాత్రి తాగొచ్చాడట! ఎవరితోనూ అనకండి.

అవతారిక

ఈ రెండు పాదాల రచనకు కర్త ఎవరో తెలియదు. అడిగితే ప్రతివారూ ‘నేను కాదు, వాళ్ళన్నారు’ అంటారు కనుక అపౌరుషేయమని ఒప్పుకోక తప్పదు. కాగితం మీద ఎక్కడా దొరకదు, నోటి నుంచి చెవికే వస్తుంది కనుక శ్రుతి అన్నా దోషం లేదు. రచనాస్థలం అపార్ట్‌మెంటు లిఫ్టు. కాలం పాలపాకెట్లు వచ్చే వేళ.

మెదకు సీమవాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిన పట్టాడు. చేతిలో కాళిదాసు ఉన్నాడు కాబట్టి ఆయనకు చెల్లింది. మా మూలం లిఫ్టు మూడో అంతస్తు చేరేలోగా అయిపోతుంది. ఆ ప్రతిన మాకు కుదరదు.

పాఠాంతరాలు

‘వదినగారూ’ అన్నచోట పార్కులో నడిచేవారి ప్రతిలో ‘సార్’ అనీ, టీకొట్టు ప్రతిలో ‘గురూగారూ’ అనీ ఉంది. అమెరికా ప్రతిలో ఫ్లోరు పోయి ‘ఆ కార్నర్ హౌస్ వాళ్ళు’ వచ్చి చేరారు. ఇది ఆడవాళ్ళ రచన అని కొందరు పూర్వ వ్యాఖ్యాతలు రాశారు. వారు తెల్లవారుజామున పార్కుకు వెళ్ళినట్టు లేదు. దొరికిన ప్రతులన్నిటిలో పార్కు ప్రతే దీర్ఘం.

ప్రతిపదార్థం

మనకెందుకులెండి = ఈ సంగతితో మనకు ఏ సంబంధమూ లేదు; గానీ = ఉంది; వదినగారూ = ఓ వదినగారూ, (చుట్టరికం లేకపోయినా ఈ కబురు పూర్తయ్యేదాకా ఉన్నట్టే); విన్నారా = వినలేదని తెలిసే అడుగుతున్నాను; మూడో ఫ్లోరాయన = పేరెత్తడం మర్యాద కాదు కనుక ఫ్లోరు మాత్రం చెప్పదగినవాడును, ఆ ఫ్లోరులో ఆ పని చేయగలవాడు ఒక్కడే అయినవాడును; రాత్రి = తలుపు సందులోంచి కనిపించేంత వెలుతురున్నప్పుడు; తాగొచ్చాడు = స్పష్టము; అట = చూసింది నేనే అయినా; ఎవరితోనూ అనకండి = నేను చెప్పవలసినవారు ఇంకా కొందరున్నారు.

‘పాపం’ అనే పదంలో శ్లేష అందరూ ఎరిగినదే. వదిలేస్తున్నాం.

అలంకారం

అతిశయోక్తి అని ఒక వ్యాఖ్యాత అన్నాడు. అసంగతం. ఇది ఆక్షేపాలంకారం. చెప్పదలచినదాన్నే చెప్పనన్నట్టు నటించి దానికి బలం తేవడం దీని లక్షణం. దండి మొదలు ఆలంకారికులు చాలామంది ఉదాహరణ కోసం విరహిణుల దగ్గరికి వెళ్ళారు. లిఫ్టులు లేని కాలం.

ఇతివృత్త విచారం

కథ కొత్తది కాదు. బైబిలు ఆదికాండం తొమ్మిదో అధ్యాయంలో ఉంది. జలప్రళయం దాటి వచ్చిన నోవహు ద్రాక్షతోట వేశాడు, ద్రాక్షారసం తాగాడు, మత్తులో తన గుడారంలో బట్టలు లేకుండా పడి ఉన్నాడు. ఇంత సంగతికీ మూలం ఇచ్చింది రెండే వాక్యాలు. చిన్న కొడుకు హాము చూశాడు, బయటికి వెళ్ళి అన్నదమ్ములిద్దరికీ చెప్పాడు. అదొక వాక్యం. ఆపైన షేము, యాపెతు చేసిన పనికి మాత్రం గ్రంథకర్త చేతికి ఎముక లేదు. ఒక వస్త్రం తీసుకున్నారు, ఇద్దరి భుజాల మీదా వేసుకున్నారు, వెనక్కి నడుచుకుంటూ లోపలికి వెళ్ళారు, తండ్రిని కప్పారు, ముఖాలు అవతలికి తిప్పుకునే ఉన్నారు గనుక వారికేమీ కనబడలేదు. తాగినవాడి మీద ఆసక్తి కన్నా చూసినవాళ్ళ మీద నిఘా ఎక్కువ ఈ కథకుడికి. ఇద్దరు మనుషులు ఒకే గుడ్డ మోస్తూ, అడుగు కలుపుకుంటూ, కాలికేం తగులుతుందో తెలియకుండా వెనక్కి నడవడం ఎంత కష్టమో ప్రయత్నించి చూడవచ్చు. హాము నడక సులభం. బయటికి నేరుగా దారి ఉంది.

మత్తు దిగాక నోవహు మేలుకుని శపించాడు. అయితే హామును కాదు, హాము కొడుకు కనానును! ఇక్కడే వ్యాఖ్యాతలకు నిద్ర పట్టలేదు. చూసి చెప్పినందుకే ఇంత శాపమా, ఇంకేదో జరిగి ఉండాలి అనుకున్నారు. యూదుల ధర్మగ్రంథమైన బాబిలోనియా తాల్ముద్‌లో రవ్, షమూయేల్ అనే ఇద్దరు మహాపండితులు, హాము తండ్రి దేహానికి ఏ ఘోరం తలపెట్టి ఉంటాడన్న దాని మీద వాదించుకున్నారు. ఆ రెండు ఊహలూ ఇక్కడ రాయదగినవి కావు. చిన్నకొడుకు తనకు ‘చేసినది’ తెలుసుకున్నాడని మూలంలో ఒక మాట ఉంది నిజమే, ఆ మాట పట్టుకునే వాదం నడిచింది. అయినా మాకు తోచేది, ఆ పండితులిద్దరూ గుడారం తెర మళ్ళీ ఎత్తి హాము చెప్పినదానికన్నా ఎక్కువ చెప్పారని. 19వ శతాబ్దంలో అమెరికా దక్షిణాది బానిస యజమానులైతే ఈ శాపాన్ని ఆఫ్రికా ప్రజలందరి మీదికీ మళ్ళించి, బానిసత్వం దైవాజ్ఞ అన్నారు. మూలంలో ఒంటిరంగు ప్రసక్తే లేదు. టీక రాసేవాళ్ళు ఏం చేయగలరులే అనుకునేవారికి ఈ ముక్క.

‘అట’ శబ్ద విచారం

విన్నది పెరుగుతుందని అందరూ అంటారు. చూసినవాడు చెప్పినా పెరుగుతుందని వ్యాసుడంటాడు. సభాపర్వం చూడండి. రాజసూయం ముగిశాక కృష్ణుడు ద్వారకకు వెళ్ళిపోయాడు. శకునితో పాటు దుర్యోధనుడు మయసభలో ఉండిపోయాడు. స్ఫటికం పరిచిన నేలను నీళ్ళనుకుని బట్టలు ఎత్తి పట్టుకున్నాడు. నిజంగా నీళ్ళున్నచోట నేలనుకుని బట్టలతో సహా పడ్డాడు. సేవకులు నవ్వారు. ధర్మరాజు పొడిబట్టలు ఇప్పించాడు. భీముడు, అర్జునుడు, కవలలు నవ్వారు. వ్యాసుడి కథనంలో నవ్విన జాబితా ఇంతే.

ఇక దుర్యోధనుడు ఇంటికి వెళ్ళి తండ్రితో చెప్పుకున్నప్పుడు జాబితా పెరిగింది. కృష్ణుడు గట్టిగా నవ్వాడు, ద్రౌపది చెలికత్తెలతో కలిసి నవ్వింది అన్నాడు. కృష్ణుడు ఊళ్ళోనే లేడు! తర్వాతి తరాలవారు ద్రౌపదిని ఖాయం చేసుకుని, గుడ్డివాడి కొడుకూ గుడ్డివాడే అన్న మాటను కూడా ఆమె నోట పెట్టారు. వ్యాసుడి మూలంలో ఆ మాట లేదు. 1977లో ‘దానవీరశూరకర్ణ’ చూసిన తెలుగువాడికి మయసభ అంటే ద్రౌపది నవ్వూ, ఎన్టీ రామారావు మండిపాటూ తప్ప, పొడిబట్టలు గుర్తుండవు.

ఆ పొడిబట్టల దగ్గర కొంచెం ఆగాలి. గుడారంలోనూ సభలోనూ పడ్డవాడికి ఒక వస్త్రం అందింది. నోవహు దాన్ని ఇచ్చినవాళ్ళను దీవించాడు. దుర్యోధనుడు మాత్రం ‘నాకు వేరే బట్టలిప్పించారు, అది ఇంకా దుఃఖం’ అన్న అర్థంలో తండ్రి ముందు వాపోయాడు. అతడి అసూయ వల్లనే అలా తోచిందని పెద్దలు తేల్చేస్తారు. అసూయ ఉంది, కాదనం. కానీ షేము, యాపెతులు ముఖం తిప్పుకుని కప్పారు. ఇక్కడ బట్టలు తెచ్చిందీ నవ్విందీ ఒకే సేవకబృందం. మడత నలగని బట్ట పట్టుకొచ్చినవాడి పెదవి చివర ఇంకా వణుకు ఆగి ఉండదు. మన మూలంలో ‘పాపం’ అనే మాటను సరిగ్గా ఆ పెదవితోనే ఉచ్చరించాలని సంప్రదాయజ్ఞులు చెబుతారు.

‘ఎవరితోనూ అనకండి’ విచారం

శంక: ఆయన తాగొచ్చిన మాట నిజమే కదా, నిజం చెబితే తప్పేమిటి?

సమాధానం: యూదుల ధర్మశాస్త్రంలో ఈ బేరం కుదరదు. అబద్ధం చెబితే అది వేరే నేరం. నిజాన్నే, ఎదుటివాడికి చేటు కలిగేలా చెప్పడానికి వారు ‘లషోన్ హరా’ అని పేరు పెట్టారు. అది ముగ్గుర్ని చంపుతుందని తాల్ముద్ లెక్క వేసింది: చెప్పినవాణ్ణి, విన్నవాణ్ణి, ఎవరి గురించి చెప్పారో వాణ్ణి. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమొనిదీస్ మరో అడుగు వేసి, చెప్పినవాడికన్నా విన్నవాడికే ఎక్కువ ముప్పు అన్నాడు. వదినగారి సంగతి ఆలోచించవలసిందే.

ఖురాన్ 49వ అధ్యాయంలో ఇదంతా వరసలో ఉంది. ముందు అనుమానం వద్దు, తర్వాత కూపీ లాగొద్దు, ఆ తర్వాత చాటున నింద వద్దు. అలా నిందించడం చనిపోయిన సోదరుడి మాంసం తినడంతో సమానమని కూడా చెప్పింది. మన మూలంలో అట, రాత్రి తలుపు సందు, ఎవరితోనూ అనకండి. మూడూ ఉన్నాయి, వరస మాత్రం తప్పింది. కవులు నిరంకుశులు.

మనకూ వేమన ఉన్నాడు కదా అంటారేమో. తప్పులెన్నేవాళ్ళ మీద ఆయన చెప్పిన పద్యం రాని తెలుగువాడు లేడు. తప్పులెన్నే పొరుగువాడు గుర్తొచ్చినప్పుడల్లా చదువుతుంటాడు.

తాత్పర్యం

ఓ వదినగారూ! మూడో ఫ్లోరాయన తాగొచ్చాడు. మనం తాగిరాలేదు.

ఉత్తరార్ధం

దీనికి వదినగారి జవాబు దాదాపు అన్ని ప్రతుల్లోనూ ‘అవునా! మరి ఆవిడేమంది?’ అనే ఉంది. ఇదే సాధుపాఠం. ‘అవునా’ అన్నది విస్మయం స్థాయిగా గల అద్భుత రసం, ‘మరి’ అన్నది ఉద్దీపనం. దీనితో రచన రెండో సర్గలోకి అనాయాసంగా సాగుతుంది. ‘ఆవిడ’ అన్న సర్వనామం ఎవరిని సూచిస్తుందో చెప్పనవసరం లేకపోవడం కవి ప్రతిభ.

ఒకే ఒక్క ప్రతిలో మాత్రం వదినగారు ‘ఇవాళ మంజీరా నీళ్ళు వదిలారా అండీ?’ అన్నట్టు కనబడుతున్నది. ఈ పాఠాన్ని మేము అంగీకరించం. అడిగింది ఒకటి, జవాబు మరొకటి కావడం ప్రక్రమభంగ దోషం. రసం అక్కడికక్కడే చస్తుంది. కబురు ఆ లిఫ్టు దాటదు, ఇక రెండో సర్గ ఎలా పుడుతుంది? పైగా మరే ప్రతిలోనూ దీనికి సాక్ష్యం లేదు. లేఖకుడెవరో ఏమరుపాటున చేర్చి ఉంటాడు. ప్రక్షిప్తమని పరిహరించాం.