కాస్త ఇటు తిరగండి, గూడబాతుగారూ!

మా చుట్టాల్లో ఫొటోగ్రాఫరంటే పెళ్ళి ఫొటోగ్రాఫరే. నేను మోచెయ్యంత లెన్సు ఒకటి కొన్నానని తెలియగానే మా పిన్ని అడిగిన మొదటి ప్రశ్న, "పెళ్ళికి ఎంత తీసుకుంటావురా?" అని. పెళ్ళిళ్ళు కాదు పిన్నీ, పక్షులూ అడవి జంతువులూ అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అవి ఎంతిస్తాయి?" అంది.

ఇవ్వవు. పైగా మాట వినవు. పెళ్ళి ఫొటోగ్రాఫరు ఎంత అదృష్టవంతుడో ఆ లెన్సు భుజాన మోశాకే నాకు తెలిసింది. ముహూర్తం దాటిపోతున్నా సరే, "బాబూ, ఆ మూడోముడి ఇంకొక్కసారి" అంటే పెళ్ళికొడుకు మళ్ళీ వంగుతాడు, పురోహితుడు మంత్రం ఆపుతాడు, పూలదండల బరువుకు మెడ తిరగని పెళ్ళికూతురు కూడా నవ్వుతుంది. అంత అధికారం కలెక్టరుకైనా లేదు. నేలపట్టు చెరువులో కడప చెట్టు మీద కూర్చున్న గూడబాతుకు ఈ మర్యాదలేవీ తెలియవు. అది మనకు వీపు పెట్టి కూర్చుందంటే ఆ పూటకు మనకు దక్కేది వీపే.

నేలపట్టు సూళ్ళూరుపేటకు దగ్గర్లో, దొరవారిసత్రం మండలంలో ఉంది. ఒక చెరువు, దాని చుట్టూ కాస్త చిట్టడవి. 1976లో పక్షుల రక్షిత కేంద్రమైంది. అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు నీళ్ళలో మొదళ్ళు మునిగిన కడప చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. గూడబాతులకు తిండి పులికాట్ సరస్సులో, కాపురం ఇక్కడ. వాటి రెట్ట కలిసిన నీళ్ళంటే చుట్టుపక్కల రైతులకు ప్రాణం, పైరుకు అదే ఎరువు. అదే పదార్థం నా టోపీ మీద పడినప్పుడు మాత్రం జుట్టు దిగుబడి పెరిగిన దాఖలా లేదు.

అక్కడ చేయాల్సిన పనల్లా ఏమీ చేయకుండా కూర్చోవడం. ఆ విద్యలో నాకు ఇంట్లో మంచి పేరే ఉంది కాబట్టి సులువనుకున్నాను. కాదు. ఇంట్లో ఏమీ చేయకుండా కూర్చునేటప్పుడు చేతిలో ఫోనుంటుంది, మధ్యమధ్యలో కాఫీ వస్తుంది, నడుం వాల్చే వీలుంటుంది. చెరువు గట్టు మీద దోమ కుట్టినా చెయ్యి విసరకూడదు. తుమ్ము వస్తే మింగాలి. మొదట్లో పక్షులన్నీ మనల్నే చూస్తుంటాయి. ఏ మెడ నిక్కిందో, తింటున్నది ఏది తినడం ఆపిందో చూసుకుని, అవసరమైతే నాలుగడుగులు వెనక్కి జరగాలి. కొంతసేపటికి, వీడివల్ల లాభమూ లేదు నష్టమూ లేదని వాటికి నమ్మకం కుదురుతుంది. మా ఆఫీసులో నా మీద ఈ అభిప్రాయం ఏర్పడడానికి చాలా ఏళ్ళు పట్టింది. పక్షులు మనుషుల్ని త్వరగా అంచనా వేస్తాయి.

అప్పుడు మొదలవుతుంది అసలు సినిమా. గూడబాతు పిల్ల ఆకలేస్తే తలకాయ మొత్తం తల్లి సంచిలోకి దూర్చేస్తుంది. ఆ పిల్ల బయటికి వచ్చేదాకా మన గుండె దడదడలాడుతుంది గానీ, తల్లి మొహంలో మార్పుండదు. గూడు కట్టే జంటను చూడాలి. మగది ఎక్కణ్ణుంచో పుల్ల తెచ్చి అందిస్తుంది. ఆడది దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, ఒకచోట పెట్టి, నచ్చక తీసి, మళ్ళీ అక్కడే పెడుతుంది. తెచ్చినవాడు నోరెత్తకుండా ఇంకో పుల్లకు బయల్దేరతాడు. ఇంతలో పక్క గూటివాళ్ళు ఆ మొదటి పుల్ల ఎత్తుకుపోతారు. ఇవన్నీ నాకు తెలియని విషయాలేమీ కావు కాబట్టి ఫొటో తీయడం కూడా మరిచిపోయి చూస్తుంటాను.

ఒకసారి మా తోడల్లుడు కూడా వచ్చాడు, పండుమిరప రంగు చొక్కా వేసుకుని. కాసేపు చూసి, "అన్నయ్యా, ఇవన్నీ కూర్చునే ఉన్నాయేంటి? ఎగిరితే రీలు అదిరిపోద్ది" అంటూ చప్పట్లకు రెండు చేతులూ ఎత్తాడు. పక్కనే ఉన్న వాచరు ఆ చేతులు గాల్లోనే పట్టుకున్నాడు.

"లేపబాకండి సార్! తల్లి లేచిందంటే కాకి దిగుద్ది. కాకి దిగకపోతే గుడ్డు ఎండకు మాడుద్ది. మీ వీడియో కోసం అది బిడ్డను పోగొట్టుకోవాలా?"

చప్పట్లు కొడితే నేరమా అని మావాడు గునిశాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చూస్తే, గూళ్ళనూ గుడ్లనూ చెదరగొట్టడం కూడా ‘వేట’ అనే మాట కిందికే వస్తుంది. తుపాకీ లేకుండా, గుర్రమెక్కకుండా, రీలు తీస్తూ తీస్తూ వేటగాడైపోయే సౌకర్యం చట్టం కల్పించింది. కొందరు ఇంకా తెలివైనవాళ్ళు. ఫోనులో ఆ పక్షి కూతే వినిపించి దాన్ని పొదలోంచి బయటికి రప్పిస్తారు. పాపం అది, తన ఇలాకాలోకి పోటీదారుడెవడో వచ్చాడనుకుని మేత మానేసి, లేని శత్రువు కోసం కొమ్మకొమ్మా వెతుక్కుంటుంది. ఫొటో బాగానే వస్తుంది, మొహంలో కోపం కూడా స్పష్టంగా పడుతుంది.

పక్షుల ఫొటోలు తీసే ఈ విద్యకు ఆదిపురుషుల్లో ఇద్దరు ఇంగ్లండు అన్నదమ్ములున్నారు, రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్. 19వ శతాబ్దం చివర్లో బండంత కెమెరాలతో గూళ్ళ ఫొటోలు తీశారు. పక్షులు బెదరకుండా ఉండాలని ఎద్దు చర్మాన్ని చట్రానికి తొడిగి, బొమ్మ ఎద్దును చేయించి, రిచర్డ్ దాని కడుపులో దూరి నిలబడేవాడు. ఒకసారి లోపల స్పృహతప్పి ఎద్దుతో సహా పడిపోయాడు. కాళ్ళు పైకి లేచిన ఎద్దును చూసి తమ్ముడు చేసిన మొదటి పని, ఫొటో తీయడం. అన్నను బయటికి లాగడం ఆ తర్వాత. వృత్తిధర్మమంటే అది.

వందేళ్ళు గడిచేసరికి వ్యవహారం తలకిందులైంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళు ఏటా ఇచ్చే పెద్ద బహుమతులున్నాయి. 2009లో మొదటి బహుమతి, కంచె గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫొటోకు దక్కింది. అది శిక్షణ ఇచ్చిన పెంపుడు తోడేలై ఉంటుందని తేల్చి మరుసటి ఏడాది బహుమతి వెనక్కి తీసుకున్నారు. 2018లో ఇంకో ముచ్చట. బ్రెజిల్‌లోని ఒక పార్కులో, రాత్రి మిణుకుమిణుకుమనే చెదపుట్ట దగ్గర చీమలు తినే జంతువు. అద్భుతమైన ఫొటో. తీరా నిపుణులు వెంట్రుక వెంట్రుకా పోల్చి చూస్తే, ఆ పార్కు సందర్శకుల కేంద్రంలో ప్రదర్శనకు పెట్టిన పీచుకూరిన బొమ్మకు అచ్చు గుద్దినట్టుంది. ఆ బహుమతీ రద్దయింది. ఫొటోలు తీసినవాళ్ళు రెండుసార్లూ ఒప్పుకోలేదనుకోండి. నాకు మాత్రం రిచర్డ్ కియర్టన్ మీద గౌరవం పెరిగింది. ఆయన చచ్చిన జంతువులో తాను దూరి బతికున్న పక్షిని తీశాడు. బొమ్మ ఎద్దుకు ఎవరూ బహుమతి ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు.

కానీ ఓపిక పాఠం నేర్వాలంటే ఇంగ్లండు దాకా ఎందుకు, కడప జిల్లా చాలు. కలివికోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ అనే సైనిక వైద్యుడు లోకానికి చెప్పాడు. 1900 తర్వాత అది మనుషుల కంటపడడం మానేసింది. అంతరించిందని పుస్తకాల్లో రాసేసుకున్నారు. 1986 జనవరిలో లంకమల దగ్గర చిట్టడవిలో మళ్ళీ దొరికింది. చేతికి చిక్కిన ఆ పక్షి మాత్రం ఎక్కువ రోజులు బతకలేదు. దానికోసం అభయారణ్యం పెట్టారు, తెలుగుగంగ కాలువ దారి కూడా మళ్ళించారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు దాన్ని తరుముకుంటూ పోలేదు. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లవారి వచ్చి అడుగుజాడలు చూసుకునేవాళ్ళు. కెమెరాలు కట్టి వెళ్ళిపోయేవాళ్ళు. రాత్రి అది తన దారిన తాను నడుస్తూ తన ఫొటో తానే దించుకునేది. పక్షికి శ్రమ లేదు, మనిషికి దోమల్లేవు. ఇంతకన్నా మర్యాదైన ఫొటోగ్రఫీ ఉందంటే నేను నమ్మను.

పులుల ఫొటోలు ఇలా తీయడం ఇంకా పాతది. 1920లలో ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగిలితే కెమెరా క్లిక్కుమనేలా అమర్చేవాడు. ఇవాళ నల్లమలలో పులుల లెక్కలు తీసేదీ ఇలాంటి కెమెరాలతోనే. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు కాబట్టి, ఫొటో చూసి పేరు పెట్టి పిలవొచ్చు. మనలాంటి వాళ్ళకు మాత్రం జీపులో కూర్చున్నప్పుడు వినిపించేది ఒకటే మాట: "నిన్న సాయంత్రం ఇక్కడే పడుకుంది సార్." నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. అంత అడవిలో పులి మనకు కనిపించకపోవడంలో వింతేముంది? దాని ఇంట్లో అది ఉంది. ఈ సంగతి ఆలోచించకుండా డ్రైవర్ని తిట్టేవాళ్ళ పక్కన కూర్చుని ప్రయాణం చేయడమే, నా దృష్టిలో, అడవిలో ఉన్న ఏకైక ప్రమాదం.

ఈ శీతాకాలం మీరు నేలపట్టు వెళ్తే మట్టిరంగు చొక్కా వేసుకోండి. ఫోను నోరు మూయించండి. వాచరు ఆగమన్న చోట ఆగండి. పొదలో గూడు కనిపిస్తే ఫొటో తీయకుండా దాటిపొండి. మనసాగక దూరం నుంచి తీశారే అనుకోండి, ఎక్కడ తీశారో మాత్రం ఎవరికీ చెప్పకండి. నాకు కూడా చెప్పొద్దు. నాకు తెలిస్తే మా ఆవిడకు తెలుస్తుంది, ఆవిడకు తెలిస్తే వాళ్ళ చెల్లెలికి, అక్కణ్ణుంచి మా తోడల్లుడికి తెలుస్తుంది. ఆయన ఈమధ్యే డ్రోను కొన్నాడు.