అంచు పోగు

శామీర్‌పేట చెరువుకు అవతల ఒక ఊళ్ళో, పెంకుటింటి గోడకు కొట్టిన మేకుకు వేలాడుతున్నాను. నేను గొంగడిని. నా నలుపు చూసి ఎవరో అద్దిన రంగనుకోకండి. అది గొర్రె ఒంటి నలుపు. అందులోనూ పిల్లగొర్రెకు మొదటిసారి తీసిన ఉన్ని. ఇన్నేళ్ళ ఎండకు పైపైన ఎర్రబారాను గానీ, మడత విప్పి చూస్తే లోపల ఇప్పటికీ కారునలుపే.

నా పుట్టుక చెప్పాలంటే గొర్రె దగ్గరే మొదలుపెట్టాలి. మా కురుమోళ్ళు నల్లగొర్రె అనే దాన్ని పుస్తకాల్లో దక్కని గొర్రె అంటారు. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర మెట్టనేలల జీవి. రాళ్ళగుట్టల నడుమ ఎండుగడ్డి పరక, రాలిన తుమ్మకాయ దొరికితే చాలు, ఎండాకాలం గట్టెక్కేది. ఏడాదికి రెండుసార్లు ఉన్ని తీసేవాళ్ళు. ముందుగా మందను చెరువులోకి దింపి కడిగి, ఆరాక కత్తెర పట్టేవాళ్ళు. ఆ ఉన్నిని విల్లుతో ఏకితే, అవ్వ వాకిట్లో కూర్చుని వడికేది. తాత గుంతమగ్గంలో కాళ్ళు దించి నేసేవాడు.

పడుగుకు పెట్టే గంజి చింతగింజలది. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికించేవాళ్ళు. పలచనైతే పోగు తెగుతుంది, చిక్కనైతే పెళుసవుతుంది. తాత వేలికి కొంచెం తీసుకుని, బొటనవేలితో అదిమి, మెల్లగా విడదీసి చూసేవాడు. రెండు వేళ్ళ మధ్య సన్నని తీగ సాగి, తెగీతెగకుండా నిలిచిందా, అప్పుడు కుంచె అందుకునేవాడు. ఆ తీగ ఎంత సాగాలో ఏ కాగితం మీదా లేదు. తాత వేళ్ళకు తెలుసు. పక్కన కూర్చుని చూసిన అవ్వకు తెలుసు.

తాత నన్ను నెత్తి మీదుగా కొప్పెర పెట్టుకుని వానలో మంద వెంట నడిచేవాడు. ఉన్నిలోని జిడ్డు వల్ల చినుకులు వెంటనే లోపలికి ఇంకకుండా అంచుల మీదుగా జారిపోయేవి. రాత్రి రైతు చెలకలో మంద పెడితే పరుపును నేనే, దుప్పటిని నేనే. పాము గొంగడి మీదికి రాదని తాత నమ్మకం. పొద్దున లేచి నన్ను దులిపితే పల్లేరుకాయలు, పేరు తెలియని గడ్డిగింజలు రాలేవి. ఒక ఊరి గింజ ఇంకో ఊరి మట్టిలో పడేది. తుమ్మకాయ తిన్న గొర్రె పెంటికలతో చెలకకు ఎరువు అందేది, గట్టున తుమ్మమొక్క లేచేది. నా ఒంటిమీది ప్రతి పోగులోనూ మంద మేసిన ఆ గైరాను ఉందని నేనంటే అది ముచ్చటకు చెప్పే మాట కాదు. గడ్డి ఉంటేనే గొర్రె, గొర్రె ఉంటేనే ఉన్ని, ఉన్ని ఉంటేనే తాత వేళ్ళకు పని.

సంక్రాంతి దాటితే కొమురవెల్లి మల్లన్న జాతర. రాజీవ్ రహదారి పట్టుకుని వెళ్ళే భక్తుల్లో ఎన్ని భుజాల మీద నావాళ్ళుండేవారో! ఇటు అల్వాల్‌లో ప్రజాగాయకుడు గద్దర్ ఉండేవారు. గొంగడి భుజాన వేసుకుని ఆయన పాడుతుంటే, మంద వెనక తిరిగే బట్టకు సభల్లో చోటు దొరికిందని తాత పొంగిపోయేవాడు. 2023లో ఆయన పోయారన్నప్పుడు అవ్వ నన్ను మేకు మీంచి తీసి కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. అప్పటికి తాత లేడు.

మందలు ఒక్కరోజులో పోలేదు. ముందు దారులు పోయాయి. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్‌రోడ్డు వచ్చింది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా గైరాన్లలో, చెలకల్లో హద్దురాళ్ళు లేచాయి. ఇంకోపక్క ఉన్నికి ధర పడిపోయింది. పానిపట్ రగ్గులు చవకగా వచ్చాయి. కత్తెర కూలి కూడా గిట్టక, తీసిన ఉన్నిని పెంటకుప్పలో పారేసిన రోజులు చూశాను. మాంసానికేమో గిరాకీ పెరిగింది. నల్లగొర్రెల మీదికి నెల్లూరు పొట్టేళ్ళను వదిలారు. 2017లో సర్కారు గొర్రెల పంపిణీ మొదలుపెట్టినప్పుడు ఒక్కొక్కరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పక్క రాష్ట్రాల నుంచి కూడా దిగాయి. నెల్లూరు గొర్రె అందమైనది, దేశంలోకెల్లా పొడగరి. దాన్ని నేను తప్పుపట్టను, పెంచుకున్న కాపరిని అసలే తప్పుపట్టను. పిల్లల ఫీజు ఉన్నితో కట్టలేడు కదా. కానీ దాని ఒంటిమీద ఉండేవి పొట్టి వెంట్రుకలు. వడకడానికి రావు.

తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది. అక్కడ ప్రాణం పోసే టీకాలు తయారవుతాయి, ఎంత గొప్ప సంగతి! కరువును తట్టుకున్న నల్లగొర్రె రక్తంలో ఏముందో అక్కడి శాస్త్రవేత్తల్లో ఒక్కరైనా మనసుపెట్టి చూడాలని నా కోరిక.

మొన్న చలిమంట దగ్గర నిప్పురవ్వ ఎగిరి నా నడుమ పడింది. రూపాయి బిళ్ళంత చిల్లు. మనుమడు చూసి, "పాతదైంది కదనే అవ్వా, పడేయి. కొత్త రగ్గు కొనిస్త" అన్నాడు.

"రగ్గొద్దు బిడ్డా. గింత నల్ల ఉన్నిపోగు దొరికితే తే, చాలు."

వాడు మంచి పిల్లవాడు. రెండు ఆదివారాలు బండి మీద మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాడు. మందలు కనిపించాయి, అన్నీ వెంట్రుక గొర్రెలే. ఒకచోట గుంతమగ్గం దొరికిందట. గుంతలో కట్టెలు పేర్చి ఉన్నాయట.

ఆ సాయంత్రం అవ్వ నన్ను ఒళ్ళో పరుచుకుంది. నా అంచును కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, గోటితో ఒక పోగు విడదీసి, మెల్లగా లాగింది. తెగలేదు. తడిచేత్తో దాన్ని పురిపెట్టి దబ్బనానికి ఎక్కించింది. అడ్డం, నిలువు, ఒకదాని మీద ఒకటి, చిల్లు మూసుకుపోయేదాకా కుట్టింది. మనుమడు ఫోన్ పక్కన పెట్టి చూస్తున్నాడు.

"గిట్లనే ఇంకో చిల్లు పడితే ఎట్లనే?"

అవ్వ నా అంచును బెత్తతో కొలిచి చూసుకుంది.

"ఇంకా జానెడుంది. దా, గిక్కడ కూసో. పోగు ఎట్ల తియ్యాల్నో చూద్దువు."