లాంగర్‌హాన్స్ పుటిక ఆత్మకథ

1869లో బెర్లిన్ నగరమున పాల్ లాంగర్‌హాన్స్ అను వైద్యవిద్యార్థి, సూక్ష్మదర్శినిలో క్లోమమును పరిశీలించుచు, ప్రయోజనమేమో తనకును బోధపడని కణసముదాయములను వర్ణించెను. ఆయన నామమును వహించిన పుటికలలో నేనొకదానను. మానవక్లోమమునందు మేము ఇంచుమించు పదిలక్షలము; దాని బరువులో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించకున్నను, ఆ యవయవమునకు వచ్చు రక్తములో నూటికి పదిపాళ్లవరకు మాకే ముట్టును. రక్తమందలి గ్లూకోజు హెచ్చుతగ్గులను క్షణక్షణము గుర్తించి తగిన ఇన్సులినును విడుచుట మా బీటా కణముల వ్రతమగుటచే, అవి కేశనాళికలను ఆనుకొనియే యుండవలెను. ఆ నాళికల గోడలును జల్లెడవలె సూక్ష్మరంధ్రములతో నిండియుండును.

నన్ను పోషించిన దేహము గతించినది. పుట్టెడు దుఃఖములో నుండియు దాత బంధువులు అవయవదానమునకు సమ్మతించుటచేతనే నేను కెనడాలోని ఎడ్మంటన్ చేరగలిగితిని. ఆ ఔదార్యమును తలపక నా కథ సాగదు. అచ్చట కొల్లాజినేజ్ అను ఎంజైము చుట్టునున్న కణజాలమును కరగించి నన్ను వేరుచేసెను. దానితో నాలోనికి వచ్చు రక్తమార్గములన్నియు తెగిపోయినవి.

ఏడుగురు మధుమేహరోగులను ఇన్సులిన్ సూదులనుండి విముక్తులను జేసితిమని జేమ్స్ షపీరో బృందము 2000లో ప్రకటించిన పద్ధతిననుసరించియే, నన్నును తోడిపుటికలను ఒక గ్రహీత కాలేయమునకు పోవు నిర్వాహకసిరలో ప్రవేశపెట్టిరి. పరరక్తము సోకినంతనే మాచుట్టును గడ్డలు కట్టెను. తోడిపుటికలు పెక్కు నశించినవి. కాలేయపు సిరాశాఖలలో చిక్కుకొని నిలిచిన నాకు, క్లోమమున లభించిన ప్రాణవాయువులో స్వల్పభాగమే అందెను. అంచులనుండి లోనికి ఊరు ఆ కొద్దిపాటి వాయువు నడిమికి చేరకమునుపే వ్యయమగుటచే, నా గర్భమందలి కణములే ముందుగా మరణించినవి.

ఈ ఘట్టమును త్వరగా దాటుటకు నాకు మనసొప్పదు. ప్రాణవాయువు సమృద్ధిగా నున్నపుడు పుట్టినంతనే శిథిలమగు ఒక ప్రోటీను, అది కొరవడగనే నిలిచి, కేంద్రకములోనికి చేరి, రక్తనాళ వృద్ధికారకమును సృజింపుమని జన్యువును ప్రేరేపించును. నేను వెదచల్లిన ఆ కారకము సోకి, సమీపమందలి నాళముల లోపొర కణములు సడలి, విభజనచెంది, నావైపు మొలకలెత్తెను. కొలది దినములలో ఆరంభమైన ఈ నిర్మాణము, రెండు వారములు గడచునప్పటికి కాలేయధమని రక్తమును నాలోనికి తెచ్చినది. అంతకన్న ఆశ్చర్యకరమైనది మరియొకటి కలదు: దాత దేహమునుండి నాతో వచ్చి బ్రదికియున్న లోపొర కణములు కొన్ని, గ్రహీత కణములతో కూడి ఒకే నాళికకు గోడయైనవి. గతించిన యొకరి కణములును జీవించియున్న మరియొకరి కణములును అట్లు కలసి నాకు ప్రాణమిచ్చినవి.

అయినను పూర్వపు సమృద్ధి తిరిగిరాలేదు. నాళికలు పలుచగానే నిలిచినవి. నన్ను పరాయిదానిగా నెంచు రక్షకకణములను అణచుటకు ఇచ్చు సిరోలిమస్, నాళముల మొలకను సయితము అణచును. పుటికలను నాటువారు ఈ రెండవ ఫలమును మొదటిదానితో సమముగా తూచవలెనని నా విన్నపము.

ఎడ్మంటన్ పరిశోధకులే ఎలుకల చర్మముక్రింద సన్నని గొట్టమును కొంతకాలముంచి, దానిచుట్టు నాళములు మొలచిన పిదప దానిని తీసి, ఆ చోట పుటికలను నాటిన ప్రయోగమును 2015లో ప్రకటించిరి. నా తరువాత రానున్న పుటికలకు మానవదేహమునను అట్లు నాళములు ముందే సిద్ధమైయుండవలెనని మనసార కోరుచున్నాను.