హకోనే కొండబండి పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

ఆ.వె.
కొండబండి యెక్కి కూరుచుంటిని నేను
వెనుకముందు కేగె విసుగు లేక
వేడినీట మునుఁగ వీడె నా యలసటయు
గుడ్డు తినఁగ నేండ్లు కూడె నేడు

అవతారిక: టోక్యోకు నైరుతి దిక్కున హకోనే కొండల్లోని వేడినీటి బుగ్గలకు పోయివచ్చిన యాత్రికుడొకడు తన అనుభవాన్ని నాలుగు పాదాల్లో ఇమిడ్చాడు. ఇమడనిదాన్ని మేము విప్పుతున్నాము.

టీక: కొండబండి = హకోనే-యుమోతో నుంచి గోరా దాకా 8.9 కిలోమీటర్లు కొండెక్కే హకోనే తోజాన్ రైలు, 1919లో మొదలైనది; ఎక్కి = ఎక్కి; నేను = కవి; కూరుచుంటిని = కూర్చున్నాను (సీటు దొరికిందని ధ్వని); వెనుకముందుకు = వెనక్కీ ముందుకీ; ఏగెన్ = పోయెను (బండి అని అధ్యాహారం); వేడినీటన్ = బుగ్గ నీటిలో; మునుఁగన్ = మెడ దాకా దిగగా; అలసట వీడెన్ = స్పష్టం; గుడ్డు = ఓవకుదానిలో ఉడికిన నల్లపెంకు కోడిగుడ్డు; ఏండ్లు = ఆయుర్దాయం; ఏడు = 7.

తాత్పర్యం: రైల్లో కొండెక్కి, వేణ్నీళ్ళ స్నానం చేసి, గుడ్డు తిన్నానని భావం.

విశేషాలు:

1. “వెనుకముందు కేగె” అన్నాడు గదా అని బండి దారి తప్పిందనుకోరాదు. ఈ దారి వాలు మహా నిట్టగా ఉన్నచోట వెయ్యి మీటర్లకు 80 మీటర్లు. పళ్ళచక్రం, తాడు సాయం లేకుండా జపానులో మరే రైలూ ఇంత వాలు ఎక్కదు. అందుకని బండి కొంతదూరం పోయి ఆగుతుంది. డ్రైవరూ గార్డూ దిగి, నడుమ ఎదురుపడి, ఒకరి చివరికి ఒకరు పోతారు. అంతట బండి తోక ముందుగా పైదారి పడుతుంది. ఇలా మూడుచోట్ల. మూడు బేసి గనుక యుమోతోలో మొదటి పెట్టె గోరాకు కడపటిదై చేరుతుంది. వెనక్కి తగ్గినవాడే పైకొస్తాడని ఇక్కడ నీతి లాగే వ్యాఖ్యాతలున్నారు. అది వాలు చేయించే పని, నీతి చేయించేది కాదు.

2. స్నానం కవి ఒక్కడికే అనుకోవడం లోపం. ఈ దారిలో మలుపులు మహా బిగువు. చక్రాలు పట్టాలను ఒరుసుకోకుండా నూనె పూస్తే అంత వాలులో జారిపోవు ప్రమాదం. కనుక బండి తన తొట్టిలోని నీళ్ళు పట్టాల మీద చల్లుకుంటూ పోతుంది. బండిది చన్నీళ్ళ స్నానం, కవిది వేణ్నీళ్ళ స్నానం.

3. ఎంత వేడి? జపాను 1948 నాటి చట్టం ప్రకారం వేడిబుగ్గ అనిపించుకోవడానికి ఊటలో 25 డిగ్రీలుంటే చాలు. అదీ లేకున్నా, చట్టం చెప్పిన 19 పదార్థాల్లో ఒకటి తగుపాళ్ళలో ఉంటే చన్నీళ్ళూ వేడిబుగ్గ కిందికే వస్తాయి. హకోనేలో ఈ వెసులుబాటు వాడుకోవలసిన అవసరం తక్కువ.

4. “మునుఁగ” అన్నచోట పూర్వపక్షం: గోదావరిలోలా మూడు మునకలా? కాదు. తల ముంచరాదు. ముందే చిన్నపీట మీద కూర్చుని, ఒళ్ళు రుద్దుకుని, సబ్బు నురగ పోయేదాకా కడుక్కుని దిగాలి. తుండుగుడ్డ నీటికి తగలరాదు. మడిచి నెత్తిన పెట్టుకోవాలి. దేహశుద్ధి అయినవాడికే స్నానాధికారమని సిద్ధాంతం.

5. “కూడె నేడు”: కూడెన్ + ఏడు అని కొందరు, కూడె + నేడు అని కొందరు. ఈ రోజనే అర్థంలో నేఁడుకు అరసున్న ఉండాలి. మునుఁగ, తినఁగలకు పెట్టినవాడు దీనికి మరచునా? కనుక ఏడే. గుడ్డు ఒకటి తింటే ఏడేళ్ళ ఆయుష్షని స్థానికుల మాట కూడా. బుగ్గలోని ఇనుమూ గంధక వాయువూ కలిసి పెంకు నల్లబడుతుంది. వలిస్తే లోపల మామూలు తెల్లసొనే.

6. గుడ్డు గోరాలోనే దొరికినట్టు తోచేలా చెప్పడం కావ్యదోషం. గోరాలో తాడుబండి, సోఉన్‌జాన్‌లో రోప్‌వే ఎక్కితేగాని ఓవకుదాని రాదు. ఛందస్సులో చోటు లేక దిగమింగాడు.

7. చివరగా కర్త విచారం. ఏగినది బండి. వీడినది అలసట. కూడినవి ఏండ్లు. ఎక్కి, మునుఁగ, తినఁగ అసమాపకాలు గనుక లెక్కకు రావు. నాలుగు సమాపక క్రియల్లో “నేను” కర్తగా ఉన్నది కూర్చోవడం ఒక్కదానికే. సెలవులకు ఇంతకన్న మంచి లక్షణం ఏ లాక్షణికుడూ చెప్పలేడు.