ఫ్రిజ్ తలుపు మీది చీటీకి టీకా తాత్పర్యం

అవతారిక: భద్రాచలం అడవి అంచు పల్లెలో ఒక ఇల్లాలు, రోహిణి కార్తె ఎండలు ఉండగానే పెద్దకూర తెచ్చుకొనదలచి, సంచి పట్టుకొని బయలుదేరిన పెనిమిటికి ఇట్లు ఆనతిచ్చుచున్నది.

మూలం: రెండు పోగులు చాలు. బొక్కలు ఇయ్యాల్నే. మెత్తటిది అరకిలో పొట్లాలు. కరెంటు పోతే తలుపు తీయొద్దు. మిగిలింది దండెం మీదికి.

ప్రతిపదార్థం: పోగులు = పలువురు కలిసి దున్నపోతును కొని, కోసి, సమంగా పెట్టిన కుప్పలు (ఆవని శంకించరాదు; 1977 నాటి గోవధ నిషేధ చట్టమును గ్రంథకర్త్రి ఎరుగును); చాలు = మూడవదానికి ఆశపడకుము; బొక్కలు = కార్జము, బోటి కూడ అని గ్రహించునది; ఇయ్యాల్నే = ఫ్రీజరులో చోటు తినకముందే పొయ్యి మీదికి; అరకిలో = ఈ ఇంటి ఒక పూట.

తాత్పర్యం: ఫ్రిజ్‌ను నమ్ముము, అతిగా నమ్మకుము.

విశేషాలు: ఒంటి తలుపు ఫ్రిజ్‌లో గడ్డకట్టించు అర సుమారు పదిహేను లీటర్లు. కిలో మాంసపు పొట్లాలకు లీటరున్నర చోటు పోవును. ఐసు ట్రేను బహిష్కరించినను తొమ్మిది, పది కిలోలకు మించదు. అదియు ఒకేసారి కుక్కినచో నెమ్మదిగా గడ్డకట్టి, పెద్ద మంచు పలుకులు కండను చీల్చును. కరిగినప్పుడు సారమంతా నీరై కారును. కావున పొట్లాలు పలుచగా, అప్పడములవలె పరచవలెను.

"తలుపు తీయొద్దు" అనుటలో గూఢార్థము గోదావరి వరద. నిండిన పెద్ద ఫ్రీజరు మూసియుంచిన రెండు రోజులు చల్లదనము నిలుపును. ఈ చిన్న అరకు అంత ఓపిక లేదు. భద్రాచలం వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. 2022 జులైలో నీరు 71 దాటెను. కరెంటు లేని అట్టి వారమున తలుపు మూసియుంచుట వ్రతమే గాని రక్ష కాదు.

"మిగిలింది" అనగా ఫ్రిజ్‌లో పట్టనిదని పెనిమిటి వ్యాఖ్య. అది తప్పు. కొవ్వు తీసిన మేలిముక్కయే ముందు దండెమెక్కవలెను, కొవ్వు త్వరగా చెడును గనుక. మాంసములో ముప్పాతిక వంతు దాదాపు నీరే. ఉప్పు, పసుపు పట్టించి సన్నగా చీల్చి ఎండబెట్టిన నాలుగు కిలోలు కిలో పైచిలుకు తునకలగును. వీటికి కరెంటు బిల్లు లేదు. మృగశిర వచ్చినచో ఎండ దొరకదు, అందుకే ఈ తొందర.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో "రెండు" కొట్టివేసి "మూడు" అని కలదు. ఇది ప్రక్షిప్తము. సిరా వేరు, దస్తూరి ఇంటాయనది.